కంప్యూటర్ పనికీ డేబుక్కు ఉండాలి

నేను బ్యాంకులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఒక అర్ధ సంవత్సరాంతపు రాత్రి కంప్యూటర్ వడ్డీ లెక్కలు వేస్తూ మధ్యలో ఆగిపోయింది. తెరమీది వివరాలు కరెంటుతోపాటే పోయాయి. ఏ ఖాతా వరకు వడ్డీ పడిందో తేల్చడానికి రెండు రోజులు లెడ్జర్లతో కుస్తీ పట్టాం.

విద్యార్థులారా, రేపు మీరూ బిల్లులు, జీతాల లెక్కలు వాటంతటవే చేసుకుపోయే ప్రోగ్రాములు నడపవలసి వస్తుంది. ప్రతి పనికీ డిస్కులో ఒక లాగ్ ఫైలు పెట్టండి. తేదీ, పని పేరు, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఎంట్రీల సంఖ్య, ఫలితం అందులో ఉండాలి.

మొదలైన సమయాన్ని పనికి ముందే రాయించండి. ముగింపు వరుస లేకపోతే పని మధ్యలో ఆగిందని తెలుస్తుంది. ప్రతి 100 ఎంట్రీలకొకసారి ఎంతవరకు అయిందో కూడా రాయించండి. పాత వరుసలు చెరగకూడదు. లినక్సులో > గుర్తు పాతదాన్ని తుడిచేస్తుంది. >> గుర్తు చివర చేరుస్తుంది. పాస్‌వర్డులు మాత్రం లాగులో రాయకండి.

నెలకొకసారి తీసి చదవండి. 1,000 బిల్లులకు 10 నిమిషాలు పట్టే పని 25 నిమిషాలకు పెరిగితే లోపం వెతకాలి. బిల్లులే 2,500 అయితే పెరిగింది పనే.

తల్లిదండ్రులారా, మీ దుకాణం లెక్కలతోనే పిల్లలచేత ఈ అలవాటు మొదలుపెట్టించండి.