రిచ్‌గా మొదలుపెట్టు చెల్లీ

ఏం చెల్లీ, అన్న పాత ఆర్ఎక్స్ 100 నీ చేతికొచ్చిందటగా! మట్టి ట్రాక్ మీద తిప్పాలని ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ వేయించావు, ఫోమ్ ఫిల్టర్ పెట్టించావు, బోరు పోర్టులు పెద్దవి చేయించావు. ఇప్పుడేమో బండి మధ్యలో మిస్సింగ్ కొడుతోంది, ఫుల్ రేజ్‌లో ఊపు లేదు. షెడ్డుకెళ్తే "మీ అన్నని పంపమ్మా" అంటున్నారట. ఎవర్నీ పంపనక్కర్లేదు. మన ధర్మపురి జిల్లా వెల్లిచందై అమ్మాయివి, ఆ కార్బురేటర్ సంగతి నువ్వే చూసుకోగలవు. రా, కూర్చో, చెబుతాను.

ముందు అసలు సంగతి. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి అది. 98 సీసీ ఇంజిను ఎంత గాలి పీలుస్తుందో లెక్కగట్టి, దానికి సరిపడా పెట్రోలు వదిలే జెట్లు కంపెనీ బిగించింది. నువ్వు ఛాంబరూ ఫిల్టరూ మార్చావు కాబట్టి ఇప్పుడు గాలి ఎక్కువ లాగుతోంది. జెట్లు మాత్రం పాతవే. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే దాన్నే లీన్ అంటాం. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే 2టీ ఆయిల్ కలిపి పోస్తున్నావు కదా, ఆ పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, ఇంజినుకు చల్లదనమూ తగ్గుతుంది. నూనె చాలని పెనానికి దోసె అంటుకున్నట్టు పిస్టన్ బోరుకు పట్టేస్తుంది. అదే పెట్రోలు ఎక్కువై రిచ్ అయితే పొగ, మసి ప్లగ్గు, కాస్త పెట్రోలు ఖర్చు, అంతే. అందుకే ఎప్పుడూ రిచ్ వైపు నుంచే మొదలుపెట్టాలి.

జెట్లు ముట్టుకునే ముందు కార్బురేటర్‌కీ బోరుకీ మధ్య ఉన్న రబ్బరు చూడు. అది పగిలితే దొంగగాలి లోపలికి పోతుంది. రేజ్ వదిలినా ఇంజిను వెంటనే దిగకుండా అరుస్తూ ఉంటే అనుమానం అక్కడే పెట్టుకో. ఫ్లోట్ మట్టం, టైమింగ్ సరిచూసుకుని, కొత్త ప్లగ్గు వేశాకే జెట్ల జోలికెళ్ళు.

ఇప్పుడు ఒక చిన్న పని చెయ్యి. యాక్సిలరేటర్ పిడి పక్కన తెల్ల టేపు అంటించి సున్నా, పావు, అర, ముప్పావు, ఫుల్ అని మార్కరుతో గీతలు గియ్యి. తేడా ఏ గీత దగ్గర వస్తుందో చూస్తే ఏ భాగం ముట్టుకోవాలో తెలిసిపోతుంది. పావు దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ పని. అక్కణ్ణుంచి ముప్పావు దాకా ముఖ్యంగా నీడిల్ చూసుకుంటుంది. పైది మెయిన్ జెట్ రాజ్యం. కొంపలో గొడవ ఎవరిదో తెలియకుండా అందర్నీ తిట్టకూడదు కదా, ఇక్కడా అంతే. ఒకసారికి ఒక్కటే మార్చు.

ఇంజిను బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూ మెల్లగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు విప్పు. అక్కణ్ణుంచి అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుతూ ఐడిలింగ్ ఎక్కడ హాయిగా, ఎక్కువగా ఉందో పట్టుకో. విప్పితే లీన్, బిగిస్తే రిచ్. ఒక చుట్టు లోపే కుదిరితే పైలట్ జెట్ చిన్నదైనట్టు. రెండున్నర దాటాకే కుదిరితే పెద్దదైనట్టు.

నీడిల్ మీద గాట్లు, వాటిలో ఒక క్లిప్ ఉంటాయి. క్లిప్‌ని ఒక గాటు కిందికి దింపితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది. పైగాటుకు పెడితే లీన్.

మెయిన్ జెట్‌కి రెండు మూడు సైజులు పెద్దది వేసి మొదలుపెట్టు. ఫుల్ రేజ్‌లో బొబొబొ అని తడబడుతుంది, భయపడకు. ఒక్కో సైజు దింపుతూ, శుభ్రంగా లాగిన చోట ఆగిపో. ఇంకాస్త స్పీడొస్తుందేమోనని ఇంకో సైజు దింపకు, పిస్టన్‌కి చిల్లి పడేది అక్కడే. సరిచూసుకోవాలంటే మనుషులు తిరగని ట్రాక్ మీద ఫుల్ రేజ్‌లో లాగి, క్లచ్ పట్టి వెంటనే ఇగ్నిషన్ ఆపి ప్లగ్గు విప్పి చూడు. కాఫీ రంగు మంచిది, తెలుపు ప్రమాదం, తడి నలుపు రిచ్. జెట్ రంధ్రంలో తీగ మాత్రం గుచ్చకు, సైజు పాడైపోతుంది.

ఇంకో మాట. ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజినుకు మేలని చాలామంది అనుకుంటారు. ఆయిల్ పెరిగిన మేరకు అదే జెట్‌లోంచి పెట్రోలు తగ్గి, మిశ్రమం లీన్ వైపు పోతుంది. అందుకే మోతాదు ఒకటి ఖాయం చేసుకున్నాకే జెట్టింగ్.

మన నేలను కూడా లెక్కలో వేసుకో. ధర్మపురి కంటే హోసూరు సుమారు 400 మీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంది. అక్కడ గాలి దాదాపు 5 శాతం పలచన, అంటే బండి కాస్త రిచ్ అవుతుంది. అది చూసి జెట్ దింపేస్తావేమో, ఆగు! ఇక్కడ ఎండలో 35 డిగ్రీల దగ్గర సెట్ చేసి, డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల హోసూరులో తిప్పితే చల్లగాలి 6, 7 శాతం చిక్కబడి ఆ తేడాని మింగేస్తుంది. ఎత్తు ఒక్కటే చూసి దింపినవాళ్ళ బండ్లే చలికాలం పొద్దున సీజ్ అవుతాయి.

పెట్రోలు కూడా మారింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు అన్ని చోట్లా ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది గనక, పాతకాలం పెట్రోలుకు కుదిరిన జెట్ మీద ఇది సుమారు 7 శాతం లీన్‌గా నడుస్తుంది. పాత రబ్బర్లూ ఉబ్బిపోతాయి. ఎవరో పదేళ్ళ కిందట చెప్పిన జెట్ నంబరు వేదం కాదు.

మనకెందుకులే ఇవన్నీ అనకు. 1980లో టీవీఎస్ 50 తయారైంది మన పక్కనున్న హోసూరులోనే. టూ స్ట్రోక్ చప్పుడు మన ఇళ్ళకు కొత్త కాదు. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్ఐఎం బాజా ప్రపంచకప్ మహిళల విభాగం గెలిచింది. మోటారు క్రీడల్లో ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. మట్టిలో బండి నడపడం అబ్బాయిల సొత్తని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పు.

మార్చిన సైలెన్సర్‌తో రోడ్డెక్కకు, చట్టం ఒప్పుకోదు, ఊరూ ఊరుకోదు. హెల్మెట్, బూట్లు, చేతులకు తొడుగులు లేకుండా ట్రాక్ మీదికీ వెళ్ళకు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, ఎండో చలో, జెట్ నంబర్లు, క్లిప్ ఏ గాటులో ఉందో, ప్లగ్గు రంగేంటో రాసుకో. ఈ ఆదివారమే ఎయిర్ స్క్రూతో మొదలుపెట్టు. తర్వాత నీ పక్కింటి చెల్లెలికి కూడా నేర్పు తల్లీ, షెడ్డుకెళ్ళినప్పుడు ఆమెను ఎవరూ "మీ అన్నని పంపు" అనకూడదు.