చేతిపని నిలిపిన నగరము – భక్తపురము

కాఠ్మాండూకు తూర్పున సుమారు 13 కిలోమీటర్ల దూరమున భక్తపురము కలదు. నేవారులు తమ భాషలో దీనిని ఖ్వప అందురు. ఒకప్పుడు మల్ల రాజులకు రాజధాని. ఇచట జంగమ మఠము కూడ ఉండుట వీరశైవ యాత్రికులు గమనింపదగిన విశేషము.

నగరమున తలమానికము న్యాతపోల దేవాలయము. భూపతీంద్ర మల్లుడు 1702లో దీనిని కట్టించెను. ఐదు అరుగుల పీఠముపై ఐదు కప్పులు అంచెలంచెలుగా లేచినవి. మెట్ల కిరువైపుల క్రిందినుండి వరుసగా జెట్టీలు, ఏనుగులు, సింహములు, శార్దూలములు, దేవతలు కావలి యుందురు. ఒక్కొక్క జంటకు క్రింది జంటకంటె పదిరెట్ల బలము కలదని స్థానికుల నమ్మకము.

1934, 2015 సంవత్సరముల భూకంపములలో ఈ ఆలయము స్వల్ప నష్టముతో నిలిచినది. 2015లో రాజభవనము చెంతనున్న వత్సలాదేవి రాతిగుడి మాత్రము నేలకూలినది. అయినను పాతరీతిని మరల కట్టబడినది. శిల్పి, వడ్రంగి, ఇటుక పనివాడు ఊరనే ఉండుట ఎంతటి బలమో దీనివలన తెలియును.

కుమ్మరుల వాడలో కుండలు నేటికిని వీథిలోనే ఆరును. ‘జుజు ధౌ’ అను పెరుగును మట్టిపాత్రలోనే తోడువేయుదురు. పాత్ర నీటిని పీల్చుటచే పెరుగు గట్టిపడును. దత్తాత్రేయ ఆలయము చెంత పూజారి మఠమునందలి నెమలి కిటికీ కొయ్యపనికి పరాకాష్ఠ.

నేపాళ యువకులు పనికై విదేశములకు పోవుచున్న దినములివి. ఆ కిటికీ నిలువవలెనన్న, దానిని బాగుచేయ నేర్చిన చేయి ప్రతి తరమునను ఉండవలెను.