‘పుల్ ఓవర్’ అంటే లాగడమేనా?

‘పుల్ ఓవర్’ అంటే నడుస్తున్న బండిని రోడ్డు పక్కకు తీసి ఆపడం. ‘పుల్’కు లాగడమనే అర్థం ఉన్నా, ఇక్కడ లాగేదేమీ లేదు. ‘ఐ పుల్డ్ ఓవర్ టు టేక్ ద కాల్’ అంటే ఫోన్ మాట్లాడటానికి బండి పక్కకు ఆపానని. పోలీసులు ఆపించినప్పుడు ఇదే క్రియ సకర్మకమవుతుంది: ‘ద పోలీస్ పుల్డ్ హిమ్ ఓవర్’. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘హిమ్’ వంటి సర్వనామం మధ్యలోనే రావాలి. ‘పుల్డ్ ఓవర్ హిమ్’ తప్పు. అమెరికాలో ఎవరైనా ‘ఐ గాట్ పుల్డ్ ఓవర్’ అంటే పోలీసులు తన బండి ఆపించారని అర్థం. ఇలాంటిదే అయిన ‘పుల్ అప్’ అంటే మాత్రం బండి ఆగడమే. పక్కకు తీయాలనేమీ లేదు. ఇక ‘పుల్’, ‘ఓవర్’ కలిపి ఒకే మాటగా రాసే ‘పులోవర్’ అంటే తలమీంచి తొడుక్కునే స్వెటర్.