అంచు ఫోటో ఏదిరా?

“చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం గురించే మీ అమ్మ బెంగ పెట్టుకుంది.”

నరసరావుపేట నుంచి పుణేకి వెళ్ళిన నాలుగు ఠావుల ఉత్తరం అలా మొదలైంది. మేనల్లుడి ఒంట్లో ఏ నలతా లేదు. ఫోన్‌లో ఫోటో చూసి 1939 నాటి వెండి రూపాయిని రూ.18,000కు బేరమాడాడు, సగం డబ్బు ముందే పంపేశాడు. ఆ ముక్క అక్క నోట విన్న రాత్రి మామయ్యకు కంటిమీద కునుకు లేదు. సబ్ ట్రెజరీలో ముప్పై ఏళ్ళు డబ్బు లెక్కపెట్టి రిటైరైన మనిషాయన.  

ఆయన మనసంతా నాణెం అంచు మీదే.

నాణెం అమ్మే కుర్రాడు పంపిన ఫోటోలో ఆరవ జార్జి తలకాయ ఉంది, వెనకవైపు సంవత్సరం ఉంది. చుట్టూ అంచు ఎలా ఉందో లేదు. “బొమ్మ ఎవడైనా చూపిస్తాడు. అంచు ఫోటో ఏదిరా?” అని మొదటి పేజీలోనే అడిగాడు మామయ్య. రెండో పేజీలో మళ్ళీ అడిగాడు. మూడో పేజీలో ఆ మాట కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు.

ఈ అంచు పిచ్చి ఆయనకు కోటప్పకొండ తిరునాళ్ళలో పట్టుకుంది. 1969 శివరాత్రి. ఆయన అప్పుడు కాలేజీ కుర్రాడు. ప్రభల వెలుతురులో గుడ్డ పరుచుకుని కూర్చున్నవాడి దగ్గర విక్టోరియా రాణి రూపాయి తళతళలాడింది. ఏడు రూపాయలిచ్చి కొన్నాడు. అప్పట్లో ఏడు రూపాయలంటే హాస్టల్లో ఎన్ని రోజుల భోజనమో ఓ పేరా నిండా లెక్క కట్టాడు. ఆ లెక్క తెగకముందే వంట మనిషి చేసే పప్పుచారు గుర్తొచ్చి కాసేపు అటు వెళ్ళాడు. తిరిగొచ్చి అసలు సంగతి రాశాడు. ఇంటికి తెస్తే వాళ్ళమ్మ ఆ రూపాయిని రోటి మీద పడేసింది. ఖంగుమనాల్సింది టప్పుమంది. “అంచు మీద గోరు పెట్టి తిప్పు” అందావిడ. తిప్పితే నాణెం చుట్టూ సన్నటి అతుకు గోటికి తగిలింది. రెండు అచ్చుల మధ్య సీసం పోసి తీసిన సరుకు. ప్రభల వెలుగులో అది కనబడలేదు. “నీ ఫోన్ వెలుగూ అలాంటిదేరా అల్లుడూ” అని రాసి, వెంటనే “రాత్రుళ్ళు దీపం ఆర్పేసి ఫోన్ చూడకు, కళ్ళు పాడవుతాయి” అని చేర్చాడు.

ఆయన భయానికి కారణాలు లేకపోలేదు. 1938 రూపాయిలు దండిగా దొరుకుతాయి, 1939వి చాలా అరుదు. రెంటిలోనూ వెండి నూటికి 91.7 పాళ్ళు. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించేశారు. కాబట్టి 8ని గీకి 9 చేస్తే మామూలు రూపాయికి రెక్కలొస్తాయి. ఆ గీకుడు పసిగట్టాలంటే చివరి అంకెను భూతద్దంలో చూడాలి. చింతగింజంత ఫోటోను వేళ్ళతో సాగదీస్తే చుక్కలు తప్ప ఏమీ కనబడవు.

వేలు అడ్డం పెట్టి తీసే ఫోటోల మీద కూడా ఆయనకు కోపమే. మన ఇళ్ళల్లో వెండి రూపాయిలకు కొక్కెం అతికించి మెళ్ళో వేసుకునేవాళ్ళు. కొక్కెం ఊడదీసినా రాజుగారి తల పైన అతుకు మచ్చ ఉండిపోతుంది. అమ్మేవాడి బొటనవేలు సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంకొందరు విభూతితోనో చింతపండుతోనో తోమి, దీపం కింద పెట్టి “కొత్తది” అంటారు. టంకశాల మెరుపైతే నాణేన్ని వంచినప్పుడల్లా చక్రంలా తిరుగుతుంది, తోమిన మెరుపు ఉన్నచోటే ఉంటుంది. అందుకే వీడియో అడగమన్నాడు.

1974లో శిక్షణకని హైదరాబాదు వెళ్ళిన కథ దగ్గర మామయ్య కలం మళ్ళీ దారి తప్పింది. చార్మినార్ ఎదుట పేవ్‌మెంట్ మీద చార్మినార్ బొమ్మ ఉన్న నిజాముల నాటి హాలీ సిక్కా అమ్ముతున్నారట. పక్కనున్న ముసలాయన “గుమ్మంలోకి చూడు బేటా” అన్నాడు. నాణెం మీది చార్మినార్ గుమ్మంలో ఉర్దూ అక్షరం ఒకటుంటుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ నాణెం, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. 1911లో కొడుకు గద్దెనెక్కాక గుమ్మంలో అక్షరం మారింది. ఫోటోలో గుమ్మం మసకగా ఉంటే ఏ నిజాముదో ఎవడికి తెలుసు? ఆ పూట ఆయన నాణెం కొనలేదు, ఇరానీ చాయ్ తాగి వచ్చేశాడు. చాయ్ ఎంత బాగుందో అర పేజీ.

“తిడుతున్నానని అనుకోకు. ఎనిమిదో ఏట అగ్గిపెట్టె నిండా కాణీలు పోగేసి నాకు చూపించావు చూడు, ఆ ముఖమే గుర్తొచ్చి రాస్తున్నాను.” తర్వాత మళ్ళీ అంకెలు. తులం అంటే రూపాయి బరువు, 180 గ్రెయిన్లు, నేటి లెక్కలో 11.66 గ్రాములు. అరుగుదలకు కొంచెం పోనీ, మరీ తగ్గితే అనుమానించాలి. నాణేన్ని త్రాసు మీద పెట్టి, అంకెలు కనబడేలా ఫోటో అడగాలి. పక్కన ఆ రోజు పేపరు, అమ్మే కుర్రాడి పేరు రాసిన చీటీ ఉండాలి. ఒకే గీత, ఒకే మచ్చ ఉన్న ఫోటో నలుగురు అమ్మకందార్ల దగ్గర కనబడితే నాణెం ఎవరి దగ్గరా లేనట్టే. రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు వాడుకుని పాత నాణేల బేరాల్లో కమీషన్లు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మిగతా సగం డబ్బు పంపవద్దని, అమ్మేవాడు ముఖం చాటేస్తే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమని రాశాడు. ఆ నంబరు చుట్టూ డబ్బా గీశాడు. డబ్బా పక్కనే, “గోంగూర పచ్చడి పంపుతున్నాను, సీసా మూత గట్టిగా బిగించు.”

సంతకం తర్వాత కూడా కొంచెం చోటు మిగిలింది. అక్కడ మామయ్య తన 1918 నాటి అయిదో జార్జి రూపాయిని కాగితం కింద పెట్టి, పైన పెన్సిల్‌తో రుద్దాడు. మేనల్లుడు చిన్నప్పుడు లెక్కల పుస్తకం వెనక రుద్దినట్టే. కిరీటం వచ్చింది, గడ్డం వచ్చింది. కిరీటానికి పైన మాత్రం పెన్సిల్ ఒకచోట ఎగుడుదిగుడుగా తడబడింది. దాని పక్కన బాణం గుర్తు వేసి చిన్న అక్షరాలతో రాశాడు: “కొక్కెం మచ్చ. అమ్మమ్మది. నీ పెళ్ళికి ఇద్దామని దాచాను.”