మోదుగ పూసిన తేదీ

నాది సీఎస్ఈ రెండో సంవత్సరం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి తప్పులుంటే మన్నించండి. ఈసారి కథ కాదు, చిన్న పాఠం. ఒకే గుడికి ఆరు ఋతువుల్లో ఆరుసార్లు ఎందుకు వెళ్ళాలి?

మా నాయనమ్మ వాళ్ళది మేడ్చల్ దగ్గర రావల్కోల్. శివరాత్రి సెలవులకి వెళ్ళినప్పుడు ఆమెకి ఫోన్‌లో క్యోటో ఫొటోలు చూపించాను. కియోమిజు గుడి, కాలువ పక్కన చెర్రీ పూల బాట. ఉద్యోగం వచ్చాక మొదటి ట్రిప్ అక్కడికే అని చెప్పాను. ఆమె అన్నీ చూసి, "మంచిగున్నయి బిడ్డా. మరి మన మోదుగ పూసిందా?" అని అడిగింది.

నాకు సకురా తెలుసు, మోదుగ తెలీదు. "మీ తాత పొలం గట్టు మీద ఉండె గదా, హోలీకి ఆ పూలే ఉడకబెట్టి రంగు తీస్తుంటిమి" అంది. ఆ గట్టు ఇప్పుడు ప్లాట్లయింది. ఆ చెట్టు ఏటా ఏ తేదీన పూసేదో ఎవరూ రాసిపెట్టలేదు.

క్యోటో వాళ్ళ డేటాసెట్

క్యోటోలో చెర్రీ ఎప్పుడు విరబూసిందో క్రీ.శ. 812 నుంచి లెక్క దొరుకుతుంది. మధ్యలో ఖాళీలున్నా పన్నెండు వందల ఏళ్ళ డేటా అది. అప్పటివాళ్ళు సైన్స్ కోసం రాయలేదు. రాజాస్థానం వాళ్ళు పూల విందు ఏ రోజు జరిగిందో డైరీల్లో రాసుకున్నారంతే. యసుయుకి ఆవోనో అనే పరిశోధకుడు వాటిని ఒకచోట చేర్చాడు. పాత రోజుల్లో ఎక్కువగా ఏప్రిల్ మధ్యలో పూసే చెట్లు 2021లో మార్చి 26కే విరబూశాయి. అప్పటివరకు ఆ రికార్డులో అంత తొందరగా పూసింది లేదు. ఆ డైరీలు లేకపోతే వాతావరణం ఎంత మారిందో ఈ చెట్లు చెప్పగలిగేవి కావు.

జపాన్‌లో ఏడాదిని అయిదేసి రోజుల 72 చిన్న ఋతువులుగా కూడా విడగొట్టారు. ఆ లెక్క చైనా నుంచి వచ్చింది. దాన్ని 1685లో షిబుకావా షున్‌కాయ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు తమ నేలకు సరిపోయేలా మార్చి రాశాడు.

మన దగ్గర రెండు గడియారాలు

మొదటిది తిథి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. అంటే సూర్యుడి లెక్కకంటే ఏటా 11 రోజులు వెనక. అందుకే బతుకమ్మ 2023లో అక్టోబర్ 14న మొదలైతే, 2024లో అక్టోబర్ 2న, 2025లో సెప్టెంబర్ 21న మొదలైంది. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకి తంగేడు, గునుగు పూయని కాలంలో బతుకమ్మ వస్తుంది. అలా కాకుండా సుమారు 33 నెలలకోసారి అధిక మాసం కలుపుతారు. మన భాషలో చెప్పాలంటే క్లాక్ డ్రిఫ్ట్ కరెక్షన్.

రెండోది కార్తె. ఇది సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. ఇది పెద్దగా జరగదు. అశ్విని ఏప్రిల్ మధ్యలో, మృగశిర జూన్ మొదటివారం చివర్లో వస్తాయి. రైతులు విత్తనాలకి కార్తె చూసేది ఇందుకే.

ఒకే గుట్ట, ఆరు ఋతువులు

మాకు దగ్గరున్న కీసరగుట్టనే తీసుకుందాం. పైన రామలింగేశ్వరస్వామి గుడి, చుట్టూ ఆరుబయట ఎన్నో శివలింగాలు. తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డ చోటు అది.

వసంతం (చైత్రం, వైశాఖం): వేప పూత, మామిడి పిందెలు.

గ్రీష్మం (జ్యేష్ఠం, ఆషాఢం): పొద్దున ఎనిమిదిలోపే దిగిపోవాలి, రాయి కాలుతుంది. దారిలో తాటి ముంజలు. తొలకరి పడితే ఎర్రటి ఆరుద్ర పురుగులు.

వర్షం (శ్రావణం, భాద్రపదం): గుట్ట పచ్చబడుతుంది. రాళ్ళు జారతాయి, జాగ్రత్త.

శరత్తు (ఆశ్వయుజం, కార్తీకం): తంగేడు, సీతాఫలాలు, కార్తీక దీపాలు.

హేమంతం (మార్గశిరం, పుష్యం): పొద్దున మంచు. ఫొటోలకి ఇదే మంచి టైం.

శిశిరం (మాఘం, ఫాల్గుణం): శివరాత్రి జాతర. చలి శివశివా అంటూ పోతుందని సామెత. ఆకు రాల్చిన మోదుగ ఎర్రగా పూస్తుంది.

మనం చేయగలిగింది

మీ ఊళ్ళో ఒక గుడి, దాని దగ్గర ఒక చెట్టు ఎంచుకోండి. వెళ్ళినప్పుడల్లా స్ప్రెడ్‌షీట్‌లో అయిదే కాలమ్స్ నింపండి: తేదీ, కార్తె, చెట్టు, ఏం కనిపించింది, ఎవరు చెప్పారు. తేదీల్ని పోల్చడానికి కార్తె పనికొస్తుంది. చివరి కాలమ్ మాత్రం వదలొద్దు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి గుర్తున్నది ఇంకెక్కడా బ్యాకప్ లేదు.

ఆ సెలవుల్లోనే నాయనమ్మని కీసరకి తీసుకెళ్ళాను. ఆమె ఇప్పుడు మెట్లెక్కలేదు, కిందే కూర్చుంది. నేను దర్శనం చేసుకుని దిగేసరికి చేతికర్రతో రోడ్డవతలికి చూపించింది. ఆకుల్లేని ఒక చెట్టు, కొమ్మల నిండా ఎర్రటి పూలు. నా షీట్‌లో మొదటి వరుస అదే: శతభిషం కార్తె, మోదుగ, పూసింది, నాయనమ్మ.