నీరు ఎక్కడ ఆగినది?

మంజీరా నది గోదావరికి ఉపనది. ఆ నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ 1923వ సంవత్సరమున ఆరంభింపబడి 1931లో పూర్తియైన జలాశయమే నిజాంసాగరము. హైదరాబాదు సంస్థానమున ప్రసిద్ధుడైన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యవమున దాని నిర్మాణము జరిగెను. ఆ సాగరమునుండి బయలుదేరిన ప్రధాన కాలువ బాన్సువాడ ప్రాంతపు నేలను మాగాణిగా మార్చినది. 2016వ సంవత్సరమున కామారెడ్డి జిల్లా ఏర్పడగా బాన్సువాడ ఆ జిల్లాలో చేరినది.

ఆ పట్టణమున ఒక కుటుంబము కలదు. తాత కాలువపై లస్కరుగా పనిచేసి విరమించినవాడు. తండ్రి వరి పండించు రైతు. కుమారుడు పాలిటెక్నిక్ చదువు ముగించి, ఒక ఫోటో స్టూడియోలో పెండ్లి వీడియోలు కూర్చుచుండెను. కుమార్తె ఎనిమిదవ తరగతి విద్యార్థిని.

ఆ యువకునకు గేమింగ్ కంప్యూటరు నొకదానిని తన చేతులతో కూర్చుకొనవలెనని చిరకాలముగా కోరిక. ఆటలకొరకు నిర్మించు కంప్యూటరునందు చిత్రములను మిక్కిలి వేగముగా గీయగల గ్రాఫిక్స్ కార్డు ఉండును. వీడియోలు కూర్చుటకును అది ఎంతయో ఉపకరించును. అయినను తండ్రి మొదట అంగీకరింపలేదు. “ఆటల యంత్రమునకు ఇంత సొమ్మా?” అని కోపగించెను. “మాఘమాసపు ముహూర్తములు వచ్చుచున్నవి. ఇంటనే పని చేసి నీ సొమ్ము నీకు తీర్చెదను, బాపూ” అని కుమారుడు వేడుకొనెను. తుదకు తండ్రి వడ్లమ్మిన సొమ్మునుండి 30,000 రూపాయలు ఇచ్చెను. యువకుడు తాను కూడబెట్టిన 45,000 రూపాయలు దానికి చేర్చి, సికింద్రాబాదునకు పోయి, విడిభాగములన్నియు కొని తెచ్చెను. వస్తువేదైన చెడినదని తేలినచో ఏడు దినములలోపల తెచ్చిన మార్చి యిత్తునని అంగడి యజమాని మాట యిచ్చెను.

ఆదివారము ఉదయమున అన్నాచెల్లెండ్రు పని ప్రారంభించిరి. మదర్‌బోర్డుపై ప్రాసెసరును అమర్చిరి. దానిపై కూలరును బిగించిరి. ర్యాము కడ్డీలు రెండింటిని, గ్రాఫిక్స్ కార్డును వాని వాని స్థానములలో ఉంచిరి. పవర్ సప్లైనుండి తీగలు కలిపిరి. సాయంకాలమునకు పని ముగిసెను. ఇంటిల్లిపాదియు చుట్టు చేరగా యువకుడు మీట నొక్కెను. యంత్రము పలుకలేదు. మరల నొక్కెను. ఉలుకు లేదు, వెలుగు లేదు. తండ్రి మాటాడక లేచి పోయెను. ఆ మౌనము యువకునకు తిట్టుకంటె బాధాకరమయ్యెను.

అతడు వెంటనే అంగడి యజమానికి ఫోను చేసి, “చెడిన మదర్‌బోర్డును నాకు అంటగట్టితివి” అని పరుషముగా పలికెను. ఆపై కనబడిన తీగనెల్ల లాగుచు, మరల దూర్చుచు, ఏది మార్చెనో తనకే తెలియనంతగా కలవరపడెను.

అరుగుపై కూర్చుండిన తాత ఇదంతయు వినుచుండెను. ఆయన మనుమనిని చేర బిలిచి ఇట్లనెను:

“బిడ్డా, చివరి ఆయకట్టు రైతు వచ్చి ‘నా మడికి నీరు రాలేదు’ అని మొరపెట్టినప్పుడు, సాగరము ఎండినదని మేము ఎన్నడును చెప్పలేదు. కాలువ వెంబడి నడచెడివారము. నడిమి తూము కడ నీరున్నచో తప్పు దానికి దిగువ, లేనిచో ఎగువ. ఒక తూము ఎత్తి చూచి, ఫలితము తెలిసిన పిమ్మటనే మరియొకటి ముట్టెడివారము. రెండు ఒకసారి ఎత్తినచో దేనివలన నీరు కదలినదో ఎవరికి తెలియును? నీ యంత్రమున విద్యుత్తు ఎక్కడనుండి వచ్చి ఎక్కడకు పోవునో ముందు చెప్పుము. అది ఎక్కడ ఆగినదో తరువాత చూతము.”

ఈ మాటలకు యువకుని మనస్సు కుదుటపడెను. చెల్లెలు ఒక నోటుపుస్తకము తెచ్చి విద్యుత్తు మార్గమును వ్రాసెను. గోడలోని ప్లగ్గునుండి 230 వోల్టుల విద్యుత్తు పవర్ సప్లైకి వచ్చును. అది దానిని 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. అందుండి 24 సూదుల పెద్ద తీగకట్ట మదర్‌బోర్డునకును, 8 సూదుల తీగకట్ట ప్రాసెసరునకును, వేరొకటి గ్రాఫిక్స్ కార్డునకును పోవును. ముందువైపున నున్న మీటనుండి రెండు సన్నని తీగలు వచ్చి, “ప్రారంభింపుము” అను సంకేతమును మదర్‌బోర్డునకు అందించును.

మరునాడు పరీక్ష మొదలయ్యెను. ప్లగ్గులో బల్బు పెట్టి చూచిరి, అది వెలిగెను. పవర్ సప్లై వెనుకనున్న స్విచ్చి వేసియే యున్నది. తీగకట్టలు బిగువుగా నున్నవి. ఇక మీట తీగలు మిగిలినవి. మదర్‌బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకమును తెరచి చూడగా, ఆ తీగలు తమ సూదులకు గాక ప్రక్కనున్న దీపపు సూదులకు తగిలింపబడి యుండెను. సరిచేసి మీట నొక్కగనే పంకలు తిరిగెను. తప్పు అంగడివానిది కాదు, తనది. యువకుడు సిగ్గుతో తల వంచెను. చెల్లెలు నవ్వక పుస్తకమున వ్రాసికొనెను: “మొదటి దోషము: మీట తీగలు.”

పంకలు తిరిగినను మానిటరుపై బొమ్మ రాలేదు. మానిటరు తీగ మదర్‌బోర్డునకు గాక గ్రాఫిక్స్ కార్డునకే తగిలింపబడి యున్నదా యని చూచిరి, సరిగనే యున్నది. కొన్ని నూతన యంత్రములు మొదటిసారి ర్యామును పరీక్షించుకొనుటకు కొన్ని నిమిషములు తీసికొనును గనుక ఓపికతో వేచిరి. ఫలితము లేకపోయెను.

అప్పుడు మదర్‌బోర్డు అంచున ఒక చిన్న దీపము చెల్లెలి కంట బడెను. అనేక మదర్‌బోర్డులయందు ఇట్టి దీపములు నాలుగుండును: ప్రాసెసరునకు ఒకటి, ర్యామునకు ఒకటి, గ్రాఫిక్స్ కార్డునకు ఒకటి, ఆపరేటింగ్ సిస్టమున్న డిస్కునకు ఒకటి. యంత్రము మేల్కొనుచు ఒక్కొక్క భాగమును పరీక్షించును. ఎక్కడ ఆగునో అక్కడి దీపము వెలుగుచుండును. “ఇవి నాలుగు తూములే, తాతా! నీరు ర్యాము కడ ఆగినది” అని బాలిక కేక వేసెను.

యువకుడు విద్యుత్తు ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్టు లోహమును చేతితో తాకెను. మన దేహమున చేరిన స్థిర విద్యుత్తు సున్నితమైన భాగములను చెరుపగలదు; లోహమును తాకినచో ఆ విద్యుత్తు తొలగును. పిమ్మట ర్యాము కడ్డీలు రెండును తీసి, ఒకదానినే పుస్తకమున చెప్పిన స్థానమున ఉంచెను. యంత్రము మేల్కొనెను, మానిటరు వెలిగెను! దానిని తీసి, అదే స్థానమున రెండవ కడ్డీని ఉంచెను. మరల చీకటి. మొదటి కడ్డీని వేరొక స్థానమున ఉంచగా యంత్రము నడచెను. కావున స్థానములు మంచివి, మదర్‌బోర్డు మంచిది. రెండవ కడ్డీయే చెడినది. “రెండవ దోషము: ర్యాము కడ్డీ” అని పుస్తకమున చేరెను.

ఆ రాత్రి ఒక్క కడ్డీతోనే ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించి, ఒక ఆట తెరచిరి. పది నిమిషములకు యంత్రము తనంత తాను ఆరిపోయెను. ఈసారి యువకుడు కలవరపడలేదు. ప్రాసెసరు మిక్కిలి వేడెక్కినచో ముందు తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో తన్ను కాపాడుకొనుటకు ఆగిపోవును. మరల తెరచి చూడగా, పని ప్రారంభింపకమునుపే ప్రాసెసరు వేడి 90 డిగ్రీలను సమీపించుచుండెను. కూలరును విప్పి చూచిరి. దాని అడుగున రక్షణకై అంటించిన పలుచని ప్లాస్టిక్ పొర అట్లే యున్నది! బిగించుటకు ముందు దానిని తీసివేయవలసియుండెను. పొరను తీసి, పాత థర్మల్ పేస్టును తుడిచి, బఠాణీ గింజంత క్రొత్త పేస్టు పెట్టి బిగించిరి. ఆట ఒక గంట నడచినను యంత్రము ఆగలేదు. “మూడవ దోషము: కూలరు పొర.”

మూడు దోషములలో రెండు తనవి, ఒక్కటి వస్తువుది. ఈ సంగతి విని ఒక స్నేహితుడు, “కూలరు కూడ చెడినదని చెప్పుము, పెద్దది మార్చి యిత్తురు. ఎవరు చూడవచ్చెదరు?” అనెను. యువకుడు నోటుపుస్తకము వంక చూచి, “ఇందు వ్రాసిన దానికంటె వేరు మాట నేను చెప్పలేను” అని బదులిచ్చెను.

అయిదవ దినమున అతడు సికింద్రాబాదునకు పోయెను. ముందుగా, “అయ్యా, తొందరపడి మిమ్ము నిందించితిని. మదర్‌బోర్డు మంచిదే. నన్ను మన్నింపుడు” అని, పుస్తకమును ఆయన ముందుంచెను. ఆయన దానిని చదివి, కడ్డీని తన యంత్రమున పరీక్షించి, అది చెడినదేయని నిర్ధారించుకొని, క్రొత్తది ఇచ్చెను. “ఇట్లు పరీక్షించి వ్రాసి తెచ్చువారు అరుదు” అని మెచ్చుకొనెను.

దోషమును వెదకి వ్రాసి యుంచుట గొప్ప ఇంజనీర్ల అలవాటు. 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో హార్వర్డు మార్క్ 2 అను కంప్యూటరు తప్పుగా పనిచేయగా, పనివారు వెదకి వెదకి, ఒక రిలే నడుమ చిక్కుకొన్న చిమ్మటను కనుగొనిరి. దానిని తీసి, దినచర్య పుస్తకమున అంటించి, వివరము వ్రాసిరి. ఆ పుస్తకము నేటికిని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. యంత్రము గదియంత యైనను, బల్లపై నిలుచునంత యైనను, వెదకు పద్ధతి ఒక్కటే.

అయితే విద్యార్థులు ఒక హెచ్చరికను మరువరాదు. ప్లగ్గు తీసిన తరువాతను పవర్ సప్లై లోపల కొంత విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. కావున దాని పెట్టెను ఎన్నడును విప్పరాదు. మిగిలిన భాగములనైనను పెద్దల సమక్షముననే ముట్టవలెను.

మాఘమాసము వచ్చెను. పెండ్లి వీడియోల పని రాత్రింబవళ్ళు సాగెను. పని ముగిసిన దినములలో చెల్లెలికి ఒక గంట ఆట దొరకెను. ఫాల్గుణమున యువకుడు తండ్రి చేతిలో 30,000 రూపాయలు పెట్టెను. తండ్రి వానిని లెక్కింపకయే జేబులో నుంచుకొని, “మన మోటారు నిన్నటినుండి నీరు తోడుటలేదు. నీ పుస్తకము తీసికొని పొలమునకు రమ్ము” అనెను. అరుగుపైనున్న తాత చిరునవ్వు నవ్వెను.

ప్రశ్నలు

1. చివరి ఆయకట్టునకు నీరు రానప్పుడు తాత ఏ పద్ధతిని అనుసరించెడివాడు?
2. చెడినది రెండవ ర్యాము కడ్డీయేకాని మదర్‌బోర్డు కాదని యువకుడు ఎట్లు నిశ్చయించెను?
3. ఒకేసారి రెండు మార్పులు చేయుటవలన కలుగు నష్టమేమి?
4. యువకుడు అంగడి యజమానిని క్షమాపణ వేడుట ఉచితమా? మీ అభిప్రాయము వ్రాయుడు.
5. మీ యింట చెడిన యొక వస్తువును గూర్చి, దోషమును వెదకు క్రమమును పది వాక్యములలో వ్రాయుడు.