పెరటిలో టమాట, ఇతర కూరగాయల సాగు

పదియెకరములు దున్ను రైతు తన యింటి కూరకై సంతకు బోవుట మన గ్రామములలో వింత కాదు. 2023వ సంవత్సరము జూలై మాసమున మదనపల్లె విపణిలో టమాట కిలో నూరు రూపాయలు దాటినది. ఆ సెప్టెంబరు నాటికే ధర పడిపోగా, కోతకూలి గిట్టక కాయను పారబోసిన రైతులును గలరు. ప్రియముగా కొనుటయు, చౌకగా అమ్ముటయు, రెండును మన వంతే యైనవి. విపణి ధర మన చేతిలో లేదు. పెరడు మన చేతిలోనే యున్నది.

పెద్దవారొక్కరికి దినమునకు ఆకుకూరలతో గూడ 400 గ్రాముల కూరగాయలు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో తెలిపినది. అంత మొత్తమును నిత్యము కొని తినగల కుటుంబములు కొన్నియే. కావున సెంటు భూమితో ఏమి సాధింపవచ్చునో ఈ పాఠమున వివరింతుము.

కాలము

టమాటను మన పెద్దలలో కొందరు రామములగ యనిరి. చిత్తూరు ప్రాంతమున తక్కాళి యందురు. పేరేదైనను దాని స్వభావ మొక్కటే: మిక్కుటమైన వేడిని సహింపదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు చల్లబడనిచో పూత రాలిపోవును. కావున మైదాన ప్రాంతములవారు భాద్రపదమున నారు పోసి, ఆశ్వయుజమున నాటినచో, మార్గశిరము మొదలు ఫాల్గుణము వఱకు కాయ కోసికొనవచ్చును.

వేసవిలో టమాటకై పెనుగులాడుట వ్యర్థము. ఆ మడులలో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర వేయవలెను. తోటకూర నెలదినములలోపలనే కోతకు వచ్చును; బెండ 45 దినములకు కాయనారంభించును. తొలకరిని ఆనప, బీర, పొట్ల పాదులు పెట్టి పందిరి కెక్కింపవలెను. దొండపాదు, మునగ, కరివేపాకు ఒక మూల నున్నచో ఏండ్ల తరబడి అక్కఱకు వచ్చును. మడి యేనాడును ఖాళీగా నుండరాదు.

స్థలము

దినమునకు ఆఱు గంటలైన ఎండ తగులు చోటును ఎంచుకొనవలెను. చెట్టునీడను మొక్క పెరుగునే కాని కాయదు. సెంటునకు నూరు కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి త్రవ్వవలెను. పచ్చిపేడ వేయరాదు. టమాట, వంగ, మిరప, పొగాకు ఒక్క కుటుంబపు మొక్కలు. ఒకదాని తెగులు మఱియొకదాని కంటును. ఒక ఏడు వీనిలో ఒకటి పండిన మడిలో మఱుచటి ఏడు చిక్కుడుగాని ఆకుకూరగాని వేయుట యుక్తము.

నారు

ఆఱంగుళముల ఎత్తుగా మడి కట్టి, రెండంగుళముల ఎడముగా గీతలు గీచి, అర అంగుళము లోతున విత్తి, సన్నని చిల్లుల డబ్బాతో తడుపవలెను. నీరు నిలిచినచో నారు మొదట కుళ్ళి పడిపోవును. విత్తనమునకు ట్రైకోడెర్మా పొడిని పట్టించుట మంచిది.

నారుమడికి సన్నని నైలాను వల కప్పుట మఱువరాదు. తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసికొనివచ్చును. ముడత పడిన మొక్కకు మందు లేదు. కనబడిన వెంటనే పీకి పాతిపెట్టుటయే మార్గము. చుట్ట కాల్చువారును, పొగాకు నమలువారును సబ్బుతో చేతులు కడుగుకొనక టమాట మొక్కను తాకరాదు. పొగాకునుండి మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా మొక్కకు సోకును.

నాటుట, నీరు పెట్టుట

25 లేక 30 దినముల నారును సాయంకాలమున, రెండడుగుల వరుసలలో అడుగున్నర ఎడముగా నాటవలెను. పాతిక మొక్కలకు 75 చదరపు టడుగులు, అనగా సెంటులో ఆఱవవంతు, చాలును. ప్రతి మొక్కకు కఱ్ఱ పాతి వదులుగా కట్టినచో కాయ నేల నంటి చెడదు.

కాయ అడుగుభాగము నల్లబడి కుళ్ళుట చూచి, తెగులని తలచి మందు చల్లువారు గలరు. అది తెగులు కాదు. వారము దినములు ఎండగట్టి, ఒక్కసారి ముంచి పెట్టినచో కాయకు సున్నపుధాతువు సరిగా అందదు. దాని ఫలితమే ఈ కుళ్ళు. కొంచెము కొంచెముగా క్రమము తప్పక నీరు పెట్టి, మొదళ్ళ చుట్టు ఎండుగడ్డి పఱచినచో డబ్బు వ్యయము లేకయే ఇది చాలవఱకు తగ్గును. బియ్యము, కూరగాయలు కడిగిన నీటిని వృథా చేయక మడికి మళ్ళింపవచ్చును.

పురుగు

టమాట నారు పోయుటకు పక్షము దినముల ముందే బంతి నారు పోసి, రెంటిని ఒకేసారి నాటవలెను. కాయతొలుచు పురుగు తల్లిరెక్కలపురుగు బంతిపూల నాశ్రయించి గ్రుడ్లు పెట్టును. ఆ పూలను కోసి నాశనము చేసినచో కాయకు హాని తగ్గును. వేపగింజల పొడి 50 గ్రాములను లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి చల్లవలెను. బిడ్డలు మడిలోనే కాయ కోసి తినుదురు గనుక పెరటిలో విషపు మందుల జోలికి పోరాదు.

విత్తనము

పూసా రూబీ, అర్క వికాస్ వంటి రకములనుండి విత్తనము మనమే తీసికొనవచ్చును. ఆరోగ్యముగల మొక్కనుండి బాగుగా పండిన కాయను కోసి, గుజ్జును ఒకటి రెండు దినములు పులియనిచ్చి, కడిగి, అడుగునకు దిగిన గింజలను నీడన ఆరబెట్టవలెను. అర్క రక్షక్ వంటి సంకరరకములకు ఈ పద్ధతి పనికిరాదు; వాని గింజలనుండి తల్లిని బోలిన మొక్కలు రావు.

సంఘము చేయదగిన పని

పది గ్రాముల పొట్లములో సుమారు 3,000 గింజలుండును. ఇంటికి పాతిక మొక్కలు చాలును. పోవునవి పోగా 40 గింజలు విత్తినను, ఒక్క పొట్లము 70 ఇండ్లకు సరిపోవును. ఒక్కొక్కరు ఒక్కొక్క పొట్లము కొని, మిగిలినది అటకపై ముక్కబెట్టుటకంటె, సభ్యులు కలిసి ఒకటే కొని, నీటి వసతిగల యొకరి దొడ్డిలో వల క్రింద నారు పెంచి, పంచుకొనుట మేలు కాదా? నారు కాచుటకు ఇంటికొకరు వంతుగా రావలెను. పాతిక మొక్కలు చక్కగా కాచినచో మొక్కకు కిలోన్నర చొప్పున ఆ ఋతువున ముప్పది యేడు కిలోలకు పైగా కాయ ఇంటికి చేరును.

సభ్యులు శ్రావణ మాసపు సమావేశముననే ఎన్ని ఇండ్లకు నారు కావలెనో వ్రాసికొని, విత్తనమును, వలను సమకూర్చుకొందురుగాక. పొలము పంట ధర పడిన ఏటను, పెరటి కాయ మన బిడ్డల కంచములలో నుండును.